తాళం వేసి పెట్టిన భద్రత

మోసపోయినవాళ్ళు సాధారణంగా ఎవరి మాటో నమ్మి మోసపోతారు. నేను నా చేతిరాత నమ్మి మోసపోయాను. ఈ విషయంలో నాకు పోటీ రాగలవాడు బీదరు జిల్లా మొత్తంలో లేడని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి మా కుంచెల నోట్లో మట్టి కొట్టాక కూడా, రంగుతో రాయిస్తేనే నాలుగు కాలాలు నిలుస్తుందనుకునే పాతకాలపు మనుషులు కొందరు మిగిలారు. వాళ్ళ దయవల్ల నేనూ మిగిలాను. కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ నాలుగూ తప్పు లేకుండా రాస్తాను. నాలుగింటిలోనూ అర్థం పట్టించుకోకుండా రాస్తాను. అర్థం గురించి ఆలోచిస్తూ కూర్చుంటే బోర్డులు రాసేవాడికి కుంచె కదలదు. "స్వచ్ఛమైన నెయ్యి" అని రాసేటప్పుడు నా దిగులంతా ఆ ఛ వత్తు గురించే గాని, నెయ్యి గురించి కాదు.

ఊరి బయట, భాల్కి రోడ్డు మీద, వృద్ధుల కోసం కొత్త భవనం కట్టారు. దాని మేనేజరు నన్ను పిలిపించాడు. "ఆశ్రమం అని రాయకు పెయింటర్ మామా, సాధువులు ఉంటరనుకుంటరు. హోమ్ అని రాయి" అన్నాడు. అలాగే రాశాను. తర్వాత వరండా గోడ పొడుగునా, పైన కన్నడం, కింద తెలుగు, "మా భద్రతా ప్రమాణాలు" అని ఎర్రటి శీర్షిక పెట్టి, దాని కింద నీలంలో రాశాను: స్నానాలగదిలో పట్టుకునే రాడ్లు కలవు. జారని రబ్బరు చాపలు కలవు. మంటలార్పే సిలిండరు కలదు. సహాయం కావలెనన్న గంట నొక్కుడు.

ప్రమాణాలు అంటే ఒట్లు అనే అర్థం కూడా ఉందని నాకప్పుడు తట్టలేదు. "కలవు" అనే మాట కలతోనే మొదలవుతుందనీ తట్టలేదు. రాసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసుకున్నాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంత గుండ్రంగా ఉన్న మాట అబద్ధం ఎలా అవుతుందని, ఎవరూ అడగకపోయినా, నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మా అక్క పెళ్ళి చేసుకోలేదు. భాల్కిలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తూనే వయసైపోయింది. హాస్టలు గంజులు, ఆ పెద్ద పెద్ద వంటగిన్నెలు, ఎత్తీ దించీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషను చేయించాం. నా దగ్గరికి రమ్మంటే, నా ఇల్లేమో బట్టల దుకాణం మీద. ఎక్కాలంటే చుట్టు తిరిగే ఇనుప మెట్లు. ఒకసారి ఎక్కింది. దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ దిగి, కింద నిలబడి పైకి చూసి, "తమ్మీ, నీ ఇల్లు మంచిగున్నది గాని, ఇది ఇల్లు కాదురా, కొబ్బరి చెట్టు" అంది.

అప్పుడు నేను ఛాతీ విరిచి, "అక్కా, ఒక జాగా ఉన్నది. అన్ని బందోబస్తుగ ఉన్నయి. నా కండ్లతోని చూసిన" అన్నాను. నా కళ్ళతో చూసిన మాట నిజమే. చూసింది నా అక్షరాల్ని.

అక్కను చేర్పించిన రోజు మేనేజరు దగ్గరుండి అన్నీ చూపించాడు. ఆఫీసు పక్కన ఉన్న స్నానాలగది తలుపు తీశాడు. లోపల తెల్లటి టైల్సు, ఎత్తైన కమోడు, దాని పక్కన గోడకి ధగధగలాడే స్టీలు రాడ్డు, కింద ఆకుపచ్చ రబ్బరు చాప. అక్క రాడ్డు పట్టుకుని కమోడు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. ఊయల దొరికిన పిల్లలా నవ్వింది. "ఇట్లాంటిది నేను ఎన్నడు చూడలేదు సారూ" అంది.

ఇక చూడబోదని మాకు తెలియదు. అది విజిటర్ల స్నానాలగది. ఉండేవాళ్ళ స్నానాలగదులు వెనక వరండాలో ఉన్నాయి. అక్కడ కమోడు చిన్నపిల్లల బడి కోసం తయారుచేసినంత పొట్టిగా ఉంది. గోడకి రాడ్డు లేదు. చాప ఉంది, చాపకి ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. చాప జారకుండా చేసినవాడు కవరు విషయంలో అంత పట్టుదల చూపలేదు కాబట్టి, దాన్ని చుట్టి అటక మీద పెట్టారు. కమోడు పక్కన గోడ మీద గంట స్విచ్చు ఉంది. నొక్కితే టిక్కుమంటుంది. గంట మాత్రం మోగదు, ఎందుకంటే అది మోగాల్సింది మేనేజరు గదిలో, అక్కడ దాని వైరు తీసేశారు.

"గంట కొడితే గంటకన్నా వస్తరేమో అనుకున్న సార్" అన్నాను నేను, ఆ సంగతి తెలిశాక.

"ఏం జేస్త మామా, ముసలోళ్ళు ఊరికే నొక్కుతున్నరు. మస్తు పరేషాను. ఒకామెనైతే తెల్లారిందా అని అడగనీకి నొక్కింది" అన్నాడు మేనేజరు.

సిలిండరు కనపడలేదేమని అడిగాను. స్టోరు గదిలో బీరువాలో పెట్టి తాళం వేశానన్నాడు. ఎవరన్నా ఎత్తుకుపోతారట. మంట వచ్చినప్పుడు ముందు తాళంచెవిని వెతకాలి, తర్వాత బీరువాని, అప్పటికి మంటకే విసుగొచ్చి ఆరిపోతుంది కాబోలు.

అతను చెడ్డవాడని నేను అనను. వస్తువులంటే అతనికి అమితమైన ప్రేమ, అంతే. కొత్త వస్తువు కొత్తగానే ఉండాలి. మన ఇళ్ళల్లో మంచి కప్పులు అద్దాల బీరువాలో ఉంటాయి, మనం స్టీలు గ్లాసుల్లో తాగుతాం. చుట్టం వస్తేనే కప్పు బయటికొస్తుంది. అతను ఆ ఆచారాన్ని కప్పుల దగ్గర ఆపకుండా భద్రత దాకా తీసుకెళ్ళాడు. విజిటర్ల స్నానాలగదికి కూడా తాళమే. తాళంచెవి అతని జేబులోనే.

వేసవి మొదలైంది. బీదరు ఎండ గురించి చెప్పక్కర్లేదు, ఎర్రరాయి గోడ మీద చెయ్యి పెడితే ఎవరో కోపంగా వెనక్కి తోసినట్టుంటుంది. ఒక మధ్యాహ్నం ఖర్బూజా పండు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. కోసి పెట్టాను. ముట్టుకోలేదు. నీళ్ళిచ్చాను. పెదవులు తడుపుకుని గ్లాసు పక్కన పెట్టింది. ఆ పెదవులు అప్పుడు చూశాను. ఎండిపోయి, పగిలి ఉన్నాయి.

"ఏందక్కా, నీళ్ళు తాగుతలేవా?"

"పొద్దుగాల ఒక గుటక తాగిన. బస్."

"ఎందుకు?"

"నీళ్ళు తాగితే పోవాలె. పోతే కూసోవాలె. కూసుంటే లేవాలె కదరా." తెలివితక్కువ తమ్ముడికి లెక్కలు చెప్పినట్టు చెప్పింది. "ఒకసారి లేవనీకి రాలేదు. గంట నొక్కిన. నొక్కిన. తర్వాత ఆయమ్మ బట్టలు ఆరేయనీకి వచ్చింది గాబట్టి నా ఒర్రుడు విన్నది. అప్పటిసంది దూప ఆపుకొనుడే నయం అనిపించింది."

ఆయమ్మ అంటే అక్కడ పనిచేసే ఆమె, చింతకి అనే ఊరి మనిషి. "నేను ఎన్నిసార్లు చెప్పినన్నా, జర తాగమని. వింటలేదు. ఈమె చూసి పక్క రూముల ఆమె గూడ బంద్ జేసింది" అంది తను.

"నడువక్కా, నా ఇంటికి పోదం" అన్నాను.

"కొబ్బరి చెట్టుకా?" అంది అక్క. "ఈడ నాకు మంచిగనే ఉన్నది. మాట్లాడనీకి మనుషులున్నరు. వంట చేసే తకలీఫు లేదు. ఒక్క పట్టుకునేది ఉంటే చాలు నాకు. గోడ నిండా బోర్డులు రాసినవ్, ఒక్క రాడ్డు అడుగరాదురా?"

అడగడానికి వెళ్ళాను. మేనేజరు నన్ను కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, ఎంతో గౌరవంగా కాదన్నాడు.

"రూల్ ప్రకారం రాడ్డు ఉండాలె. ఉన్నది. ఎవరికి అందాలె అని రూల్ల ఉన్నదా మామా?"

"నేను ఒకటి కొనుక్కొస్త సార్. నేనే పెట్టిస్త."

"బయటి సామాను వద్దు. తనిఖీకి వస్తున్నరు, మొన్ననే సున్నం వేయించిన. గోడకు బొక్కలు వడితే ఖరాబైతది." తర్వాత, నా మొహం చూసి జాలిపడ్డాడు. "నీ అక్క భద్రత నా భద్రత కాదా? ఒక పని చేద్దం. ఆ తలుపు మీద 'జాగ్రత్త, నేల జారును' అని ఎర్ర రంగుల రాయి. పెద్దగ రాయి."

ఇక్కడ నా రెండో మూర్ఖత్వం ఒప్పుకోవాలి. రాడ్డు అడగడానికి వెళ్ళినవాణ్ణి, కుంచె పట్టుకుని బయటికొచ్చాను. రాసే పని ఇస్తే నా చెయ్యి నా మాట వినదు. "జారును"లో రు కొమ్ముని నిజంగా జారుతున్నట్టు ఒంపు తిప్పాను కూడా. అక్క కుర్చీలో కూర్చుని అంతా చూసింది. అయ్యాక అంది, "మస్తు రాసినవ్ తమ్మీ. ఇగ ఏం ఫికరు లేదు. ఆ కొమ్ము పట్టుకొని లేస్త."

ఆ రాత నేను ఇంకెవరికీ చూపించుకోలేదు.

తనిఖీ రోజు దగ్గరపడింది. రంగు వెలిసిన చోట దిద్దాలని మేనేజరు నన్ను మళ్ళీ పిలిచాడు. నేను వెళ్ళేసరికి భవనం పెళ్ళికొడుకులా తయారై ఉంది. బీరువాలోంచి సిలిండరు బయటికొచ్చి, ఎండ చూడని మనిషిలా తెల్లబోయి నిలబడింది. మంచాల మీద కొత్త దుప్పట్లు, మడతల గీతలతో సహా. వాటి మీద కూర్చోవద్దని ఆజ్ఞ కాబట్టి, ముసలివాళ్ళందరూ వరండాలో కుర్చీల్లో వరసగా ఉన్నారు. మేనేజరు వాళ్ళకి పాఠం చెప్తున్నాడు.

"సాబ్ అడిగితే ఏం చెప్తరు?"

"మంచిగున్నది అంటం."

"అడగకపోతే?"

"గప్‌చుప్‌గ కూసుంటం."

నిర్వహణ అంటే ఇదీ అనుకున్నాను. ఏ బరువూ వహించకపోవడం.

అధికారి జీపులో దిగాడు. భారీ మనిషి. దిగేటప్పుడు తలుపు పట్టుకుని, మోకాలు మీద చెయ్యి వేసుకుని, "అమ్మా" అన్నాడు. మేనేజరు తాళం తీసి విజిటర్ల స్నానాలగది చూపించాడు, రాడ్డుని గుర్రం మెడ తట్టినట్టు తట్టాడు, మళ్ళీ తాళం వేశాడు. అధికారి నా బోర్డులన్నీ చదివి తలాడించాడు. అదే తలాడింపు ఒకప్పుడు నేనూ ఆడించాను కాబట్టి గుర్తుపట్టాను. తనిఖీ దాదాపు అయిపోయినట్టే.

అప్పుడు మేనేజరుకి ఒక సంగతి గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది. సన్మానం చెయ్యాలి కదా, పూలదండ, శాలువా, తలకి పేటా అనే జరీ తలపాగా, మూడూ చెప్పిపెట్టిన దుకాణం నుంచి తెచ్చుకోవడం మర్చిపోయాడు. మా వైపు పెద్దమనిషి తలకి పేటా పెట్టకుండా పంపిస్తే, తిట్టి పంపినంత లెక్క. "మామా, నువ్వు జర సాబ్‌ని చూసుకో, ఏం తక్కువ కావద్దు. నేను గిట్ల పోయి గట్ల వస్త" అని మోటారు సైకిలెక్కాడు. ఎక్కేటప్పుడు జేబులో తాళంచెవులు గలగలమన్నాయి.

మొదటి గ్లాసు మజ్జిగ నేను నిష్కల్మషంగా ఇచ్చానని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను, ఈసారి ఒట్టు అనే అర్థంలోనే. ఎండలో వచ్చిన మనిషి, దాహంతో ఉన్నాడు, ఇచ్చాను. ఆయన గటగటా తాగుతుంటే, వరండా చివర అక్క ఆ గ్లాసు వంక చూస్తోంది. అధికారి గొంతు కదిలినప్పుడల్లా అక్క గొంతు కదులుతోంది. తన చేతిలో నింపిన గ్లాసు అలాగే ఉంది.

రెండో గ్లాసు నిష్కల్మషం కాదు.

"సార్, ఇంకొంచెం."

"బేడ, సాకు" అన్నాడు ఆయన, వద్దు, చాలని.

"ఒక్క గ్లాసుకే బస్సంటే ఎట్ల సార్? మా ఇంటికొచ్చి అర్ధాకలితోని పోయినట్టు." ఆయమ్మ నా మొహం చూసింది. నేను తన మొహం చూశాను. తను లోపలికెళ్ళి నిమ్మకాయ షర్బతు పట్టుకొచ్చింది. తర్వాత చాయ్. చాయ్ తర్వాత నోరు చేదుగా ఉంటుందని నీళ్ళు. నీళ్ళు చప్పగా ఉంటాయని మళ్ళీ మజ్జిగ. ఖాతిర్‌దారీ కాదనడం మా బీదర్లో ఎంత పై అధికారికైనా సాధ్యం కాదు. ఆయన బొత్తాం ఒకటి వదులు చేసుకున్నాడు. కాసేపటికి కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఇంకాసేపటికి, "ఇల్లి... బాత్‌రూమ్?" అన్నాడు, ఇక్కడ ఉందా అని.

"ఇప్పుడు మీరు చూసింది తాళమేసి ఉన్నది సార్. చెవి మేనేజరు సార్ జేబుల పోయింది. వెనక ఉన్నది, రండి."

అధికారి నా "జాగ్రత్త, నేల జారును" కింద నుంచి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. నేను, ఆయమ్మ, గ్లాసు పట్టుకునే మా వెంట నిదానంగా వచ్చి కుర్చీలో కూర్చున్న అక్క, ముగ్గురం బయట ఉన్నాం. కొంతసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక మూలుగు. తర్వాత టిక్కు. టిక్కు, టిక్కు.

"హలో? ఎవరన్నా ఉన్నరా?"

"ఉన్నం సార్."

"ఈ గంట ఏమాయె?"

"నొక్కుండ్రి సార్, గోడ మీద రాసున్నది."

"నొక్కుతనే ఉన్న!"

ఇంకొంచెం గట్టిగా నొక్కండి సార్ అనబోయాను. అక్క నా చెయ్యి గిల్లింది. కుర్చీలో ముందుకి వంగి, తలుపుతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"సారూ, ఘబ్రాయించకుండ్రి. పక్కన బకిటు ఉన్నదా? నల్లా ఇప్పి నిండుగ నింపుండ్రి. సగం ఉంటే బోల్తవడ్తది. నిండిందా? కుడి చెయ్యి దాని అంచు మీద పెట్టుండ్రి. ఎడమ చెయ్యి గోడకు. పాదాలు వెనకకు గుంజుకోండ్రి. ఇప్పుడు దేవుని తలుసుకొని ఒక్కసారే లేవుండ్రి. ఆగి ఆగి లేస్తే అయితలేదు."

లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు. నల్లా ఆగింది. పెద్ద నిట్టూర్పు. బకెట్టు కాస్త జరిగిన రాపిడి. గడియ తీసుకుని అధికారి బయటికొచ్చాడు. చొక్కా అంతా చెమట. అక్క వంక చూశాడు, అక్క మోకాళ్ళ వంక చూశాడు.

"అమ్మా, మీరు రోజు గిట్లనే లేస్తరా?"

పాఠం ప్రకారం "మంచిగున్నది" అనాలి.

"లేదు సారూ. నేను నీళ్ళే తాగ."

ఆయన తన కుర్చీ తనే తెచ్చుకుని వెనక వరండాలో వేసుకుని కూర్చున్నాడు.

మేనేజరు దండ మెళ్ళో వేసుకోవాలా చేతికి వేసుకోవాలా తెలియనంత హడావుడిగా వచ్చాడు. చంకలో శాలువా, చేతిలో జరీ పేటా. సాబ్ వెనక వైపు ఎందుకున్నాడో అర్థం కాక నా వంక చూశాడు. ఏం తక్కువ కాలేదు సార్ అని కళ్ళతోనే చెప్పాను.

"ఆ రాడ్డు ఎక్కడ?" అన్నాడు అధికారి.

"ఉన్నది సార్, ఫ్రెష్‌గ ఉన్నది."

"తీసి ఈడ పెట్టుండ్రి. పెట్టినంక పోత."

"ప్లంబరుకు ఫోన్ చేస్త సార్, రేపు పొద్దున్నే..."

"ఈ పొద్దు."

ప్లంబరు మంగళగి అనే ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాడు. స్టోరులో డ్రిల్లు మిషను మాత్రం ఉంది. అలా మేనేజరు పేటా నా చేతికిచ్చి, విజిటర్ల గది తాళం తీసి, తన ముద్దుల రాడ్డుని తనే విప్పి, రెండు చేతులా మోసుకుని వెనక్కి వచ్చాడు. కొత్త సున్నం గోడకి ఆనించి పట్టుకున్నాడు. ఎక్కడ బొక్కలు వెయ్యాలో గుర్తు పెట్టాలి.

"మామా, నీకు కన్ను మంచిది. బరాబరు ఉన్నదా చూడు."

నా జీవితమంతా నేను నిచ్చెన మీద, రెండు చేతులా బోర్డు ఎత్తి పట్టుకుని ఉంటే, కింద కుర్చీలో కూర్చున్న దుకాణందారులు చాయ్ తాగుతూ "కొంచెం పైకి, కొంచెం కిందికి" అని చెప్పినవాళ్ళే. భుజాలు పడిపోయేవి. మొట్టమొదటిసారి కింద నిలబడే వంతు నాకొచ్చింది. పేటాని జాగ్రత్తగా స్టూలు మీద పెట్టాను. రెండడుగులు వెనక్కి వేశాను. తల పక్కకి వంచాను. రాడ్డు బరాబరుగానే ఉంది.

"ఎడమ దిక్కు జర కిందికి పోయింది సార్."

ఎత్తాడు.

"ఇప్పుడు కుడి దిక్కు పోయింది."

సర్దాడు. చెమట కనుబొమ్మల మీంచి దిగుతోంది. స్టీలు రాడ్డు చూడటానికి ఉన్నంత తేలిక కాదని అతని మోచేతులు చెప్తున్నాయి.

"బస్సా మామా? గుర్తు పెట్టాల్నా?"

"అరె, ఆగుండ్రి సార్. ఎత్తు చూసుకోవాలె గద. పట్టుకునేది మా అక్క. ఆమె వచ్చి చెయ్యేసి చెప్పాలె."

అక్క కుర్చీలో ఉంది. గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టింది. నిదానంగా, గుటక గుటకకీ ఆగి, కళ్ళు మూసుకుని తాగింది. ఖాళీ గ్లాసు ఆయమ్మకి అందించి, ఇంకోటి తెమ్మంది.

"జల్ది రమ్మను మామా, చేతులు గుంజుతున్నయి" అన్నాడు మేనేజరు, రాడ్డుతో గోడకి అతుక్కుని.

"వస్తది సార్. పెద్దమనిషి, మోకాళ్ళు నొస్తయి" అన్నాను. "అక్కా, నీకేం జల్ది లేదు. నిమ్మలంగ తాగు."